పాత ఫ్లాట్ కొని బాగు చేయించుకోవాలంటే: అడ్వాన్స్ నుంచి పాలు పొంగించేదాకా

హైదరాబాద్‌లో 20, 25 ఏళ్ల నాటి ఫ్లాట్ కొనాలనుకునే వాళ్లు చాలామంది ఒకటే లెక్క వేసుకుంటారు. ధర ఇంత, లోను ఇంత వస్తుంది, మిగతాది మన దగ్గరుంది, రంగులు వేయించుకుని దిగిపోదాం. మేమూ అలాగే అనుకున్నాం. రామంతాపూర్ వైపు 1999లో కట్టిన అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, 1,150 చదరపు అడుగులు. బాగుచేతకు 6 లక్షలు పక్కన పెట్టుకున్నాం. 8 లక్షల 70 వేలయింది. పైన పడ్డ డబ్బులో ఎక్కువ భాగం గోడల లోపల, టైల్స్ కింద, కంటికి కనిపించని వాటికే పోయింది. ఆ ఖర్చు తప్పేది కాదు. కానీ ముందే తెలిసి ఉంటే బేరం వేరేగా చేసేవాళ్లం, అప్పు కోసం చివర్లో పరుగులు పెట్టేవాళ్లం కాదు. మీరు ఆ టెన్షన్ పడకూడదని, ఏ పని తర్వాత ఏది చేయాలో వరుసగా రాస్తున్నాను.

ముందు చేతి డబ్బు లెక్క వేయండి

ఇల్లు చూడటానికి వెళ్లకముందే ఈ లెక్క కాగితం మీద పెట్టండి. ఫ్లాట్ ధర 60 లక్షలనుకుందాం. 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య లోనుకు రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు. అంటే గరిష్ఠంగా 48 లక్షలు. మిగిలిన 12 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు, కాబట్టి అది కూడా మీ జేబులోంచే రావాలి.

తెలంగాణలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం. మొత్తం 7.5 శాతం. 2021 జూలైలో పెంచకముందు ఇది 6 శాతం ఉండేది, పాత లెక్క చెప్పే బంధువులు ఇప్పటికీ ఉంటారు. 60 లక్షలకు 4 లక్షల 50 వేలు. మ్యుటేషన్‌కు (మున్సిపల్ రికార్డుల్లో పేరు మార్పుకు) 0.1 శాతం, ఇంకో 6 వేలు. బ్రోకర్ ఒక శాతం తీసుకుంటే 60 వేలు, కొందరు రెండు శాతం అడుగుతారు కాబట్టి ఇల్లు చూపించకముందే మాట్లాడుకోండి. లాయర్, డాక్యుమెంట్ రైటర్, బ్యాంకు ప్రాసెసింగ్, వాల్యుయేషన్ అన్నీ కలిపి 50 వేలు వేసుకోండి. ఇవన్నీ కూడితే తాళంచెవులు చేతికొచ్చే సరికి మీ సొంత డబ్బు 17 లక్షల 66 వేలు అయిపోతుంది. అప్పటికి ఒక్క గోడకు కూడా సున్నం పడలేదు.

ఇంకో ఖర్చును దాదాపు అందరూ మర్చిపోతారు. పని జరిగే రెండు మూడు నెలలు అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలి. 48 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లకు నెలకు దాదాపు 41,650 రూపాయలు. అద్దె 18 వేలైతే నెలకు 60 వేలకు దగ్గర. పని ఒక నెల ఆలస్యమైతే మీకు పడే జరిమానా అది. మీ దగ్గర 20 లక్షలే ఉంటే 60 లక్షల ఫ్లాట్ మీది కాదు, 48, 50 లక్షల దాని కోసం చూడండి. ఈ మాట మీకు బ్రోకరూ చెప్పడు, బ్యాంకూ చెప్పదు.

కట్టుబడిలో ఉన్న కొత్త ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ ఉంటుంది. 45 లక్షల లోపు, 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా దాటని చిన్న ఫ్లాట్లకు 1 శాతం. పాత ఫ్లాట్‌కు జీఎస్టీ లేదు. ఈ మిగులే బాగుచేతకు మొదటి పెట్టుబడి అనుకోండి.

ఇంటిని మూడుసార్లు చూడండి

మొదటిసారి బ్రోకర్ తీసుకెళ్తాడు. పదిహేను నిమిషాల్లో బయటికొస్తారు, గుర్తుండేది వెలుతురు, బాల్కనీ అంతే. నిర్ణయం ఆ రోజు తీసుకోకండి.

రెండోసారి పొద్దున్నే 7 గంటలకు వెళ్లండి. అందరూ నీళ్లు వాడే వేళ అది. రెండు బాత్‌రూంల్లో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, ధార ఎలా ఉందో చూడండి. కుళాయిల చుట్టూ తెల్లగా గట్టిపడిన పొర ఉంటే బోరు నీళ్లలో ఉప్పు బాగా ఉన్నట్టు. గీజర్, వాషింగ్ మెషీన్ త్వరగా పాడవుతాయి. ఆ తర్వాత కిందికి వచ్చి వాచ్‌మన్‌తో కాసేపు మాట్లాడండి. మంజీరా నీళ్లు (కార్పొరేషన్ కుళాయి నీళ్లు) రోజు విడిచి రోజు వస్తాయా, ఎంతసేపు, బోరు ఎప్పుడు ఎండుతుంది, ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు పడతాయి. తర్వాత అసోసియేషన్ సెక్రటరీని కలిసి పోయిన వేసవి ట్యాంకర్ బిల్లులు చూపించమనండి. మెయింటెనెన్స్ నెలకు రెండు వేలే అని చెప్పి, వేసవిలో నీళ్లకు విడిగా మరో రెండు వేలు వసూలు చేసే అపార్ట్‌మెంట్లు ఉంటాయి. లిఫ్టు ఏ ఏడాదిది, దాన్ని మార్చడానికి ఫ్లాట్‌కు ఇంత అని వేయబోతున్నారా అన్నది కూడా అప్పుడే అడగాలి.

మూడోసారి వాన పడుతున్నప్పుడో, వాన వెలిసిన మర్నాడో. ఇది తప్పనిసరి. 2020 అక్టోబర్ వానలకు నగరంలో ఎన్ని కాలనీలు నీట మునిగాయో మనం చూశాం. సెల్లార్‌లో నీళ్లు నిలుస్తున్నాయా, గోడల మీద పాత నీటి గీత ఏ ఎత్తులో ఉంది, మోటార్లు నేల మీదే ఉన్నాయా, దిమ్మె కట్టి పైకెత్తారా చూడండి. పై అంతస్తు ఫ్లాటైతే స్లాబ్ మరకలు వానలోనే బయటపడతాయి. ఎండాకాలంలో ఇల్లు చూసి ఎండాకాలంలోనే కొనేయకండి.

లోపల చూడాల్సినవి కొన్ని. బాత్‌రూం గోడకు అవతలి వైపు ఉన్న పడకగది గోడ మీద చెయ్యి పెట్టండి. చెమ్మ, బుడగలు, రాలే పొడి ఉంటే పైపు కారుతున్నట్టే. గదంతా పాత రంగు ఉండి ఒక్కచోట మాత్రమే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగండి. బాత్‌రూంలో తలెత్తి పైకప్పు చూడండి, మరకలుంటే అది పైవాళ్ల బాత్‌రూం లీకేజీ. దాన్ని మీ ఇంట్లో ఎంత ఖర్చు పెట్టినా ఆపలేరు, పైవాళ్లు ఒప్పుకోవాలి. టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టి చూస్తే బోలు శబ్దం వచ్చేవి తెలిసిపోతాయి. సజ్జల కింద, బాల్కనీ అంచుల్లో పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు కనిపించినా, పిల్లర్ల మీద, బీముల మీద ఏటవాలు పగుళ్లున్నా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను తీసుకెళ్లకుండా ముందుకు వెళ్లొద్దు. ఆయనకిచ్చే ఫీజు మొత్తం వ్యవహారంలో అతి చిన్న ఖర్చు.

కాగితాలు: అడ్వాన్స్‌కు ముందే

టోకెన్ ఇచ్చాక కాగితాలు అడిగితే అమ్మేవాళ్ల గొంతు మారుతుంది. ముందే జిరాక్సులు తీసుకుని, మీరు నమ్మే లాయర్‌కు చూపించండి. బ్యాంకు లాయర్ చూస్తాడులే అనుకోవద్దు, ఆయన చూసేది బ్యాంకు డబ్బు క్షేమం.

సేల్ డీడ్, దాని వెనకున్న లింక్ డాక్యుమెంట్లు అన్నీ, కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపించే పత్రం). మన నగరంలో పాత అపార్ట్‌మెంట్లు చాలావరకు స్థలం ఒకరిది, కట్టింది ఇంకొకరు. కాబట్టి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ చూసి మీ ఫ్లాట్ స్థలం యజమాని వాటాదా, బిల్డర్ వాటాదా, దాన్ని అమ్మిన మొదటి మనిషికి ఆ హక్కు ఉందా తేల్చుకోండి. తండ్రి పోయాక పిల్లలు అమ్ముతుంటే వారసులందరి సంతకాలూ కావాలి, పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలవి కూడా. జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించేందుకు ఇంకొకరికి ఇచ్చే అధికారపత్రం) మీద, నోటరీ మీద చేతులు మారిన ఇల్లయితే వదిలేయండి. జీపీఏతో చేసిన అమ్మకం వల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది.

తర్వాత మున్సిపల్ ప్లాన్. మంజూరైన ప్లాన్ కాపీ తీసుకుని బిల్డింగ్ ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. మూడు అంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగో అంతస్తు, దానిపైన పెంట్‌హౌస్ లేపినవి ఎన్నో. మీరు కొనేది ఆ అదనపు అంతస్తులోది అయితే ధర ఎంత తక్కువైనా వద్దు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని, ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) ఉందా అడగండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో 10 శాతం భాగాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకునే పద్ధతి 2006 నిబంధనల నుంచి ఉంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. ఆ తర్వాత కట్టిన బిల్డింగ్ అయితే మీ ఫ్లాట్ ఆ తనఖాలో లేదని ఈసీలో చూసుకోండి.

చెరువుల విషయం. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు అందరికీ తెలిశాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లుండే హద్దు, బఫర్ అంటే దాని చుట్టూ ఏమీ కట్టకూడని జాగా. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులున్నాయి. సర్వే నంబర్ పట్టుకుని చూడండి. కళ్లముందు నీళ్లు లేనంత మాత్రాన చెరువు లేనట్టు కాదు. ఒకప్పుడు చెరువున్న మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు మనకు కనిపించేది పార్కే కదా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంటుంది, 22-ఏ అంటారు, అందులో సర్వే నంబర్ ఉంటే రిజిస్ట్రేషనే జరగదు.

యూడీఎస్ (బిల్డింగ్ స్థలంలో మీ ఫ్లాట్‌కు వచ్చే వాటా) ఎన్ని గజాలో దస్తావేజులో చూడండి. రేపు బిల్డింగ్ పడగొట్టి కొత్తది కట్టాల్సి వస్తే మీకు మిగిలేది ఆ గజాలే. పాత ఫ్లాట్‌కు నిజమైన విలువ అందులోనే ఉంది. 1,150 అడుగుల ఫ్లాట్‌కు 30 గజాలున్న దానికీ, 55 గజాలున్న దానికీ ఒకే ధర చెబితే ఒప్పుకోకండి. పార్కింగ్ కూడా దస్తావేజులో రాసి ఉండాలి, వాడుకలో ఉందన్న మాట చాలదు.

అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్

అడ్వాన్స్ చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి, ఇచ్చిన రోజే సేల్ అగ్రిమెంట్ రాసుకోండి. ఫ్లాట్ కాగితాల్లో లోపం వల్ల బ్యాంకు లోను ఇవ్వకపోతే అడ్వాన్స్ మొత్తం ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అందులో ఉండాలి. ఆస్తిపన్ను, కరెంటు, నీటి బిల్లు, మెయింటెనెన్స్ బకాయిలు రిజిస్ట్రేషన్ తేదీ వరకు అమ్మేవాళ్లవని రాయించండి. మా విషయంలో ఈ ఒక్క వాక్యం లేదు. నీటి బిల్లు ఎన్నో నెలలుగా కట్టలేదని మేం దిగాక తెలిసింది. కనెక్షన్ ఇంటిది కాబట్టి బకాయి కూడా ఇంటితోనే వచ్చింది, మేమే కట్టాం.

దస్తావేజులో తక్కువ చూపించి మిగతాది నగదు ఇమ్మంటారు. స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని నచ్చజెబుతారు. ఒప్పుకోకండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడే నిబంధన ఆదాయపన్ను చట్టంలో ఉంది. మీకైతే ఇంకో నష్టం, లోను దస్తావేజు విలువ మీదే వస్తుంది. రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనపడి పన్ను మీకే పడుతుంది.

ధర 50 లక్షలు, అంతకు మించితే 1 శాతం టీడీఎస్ మీరే పట్టుకుని కట్టాలి. 60 లక్షలకు 60 వేలు. ఇది అదనపు ఖర్చు కాదు, అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి తగ్గించి ప్రభుత్వానికి కట్టడం. అమ్మేవాళ్లు అమెరికాలోనో దుబాయ్‌లోనో స్థిరపడ్డ ఎన్నారైలైతే రేటు, పద్ధతి రెండూ మారతాయి. పట్టుకోవాల్సింది పట్టుకోకపోతే బాధ్యత మీది, కాబట్టి ఒక సీఏను కలవకుండా డబ్బు ఇవ్వొద్దు.

పని మొదలుపెట్టే ముందు

తాళంచెవులు రాగానే సుత్తి పట్టించకండి. ఒక వారం ఇల్లు ఖాళీగా ఉంచి, నాలుగైదు సార్లు వెళ్లి, గదిగదికీ ఏం చేయాలో నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ రాసుకున్నదాన్ని రెండు భాగాలు చేయండి. ఇంట్లో దిగాక చేయించలేనివి ఒక వైపు: బాత్‌రూంలు, పైపులు, వైరింగ్, కిటికీలు. దిగాక కూడా చేయించుకోగలిగినవి రెండో వైపు: వార్డ్‌రోబ్‌లు, ఫాల్స్ సీలింగ్, టీవీ గోడ, లైట్లు. డబ్బు మొదటి వైపుకే ముందు కేటాయించండి. మిగిలితే రెండోది. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. హాల్లో సీలింగ్ లైట్లు పెట్టించి, గోడల్లో తుప్పు పైపులు అలాగే వదిలేసిన ఇళ్లు నేను చూశాను. రెండేళ్లకు కొత్త టైల్స్ పగలగొట్టుకున్నారు.

మొత్తం అంచనాకు పైన 20 శాతం ముట్టుకోకుండా పక్కన పెట్టండి. అసోసియేషన్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి, పని వేళలు, ఆదివారం పని చేయొచ్చా లేదా, లిఫ్టులో సిమెంటు బస్తాలు ఎక్కించొచ్చా తెలుసుకోండి. శిథిలాల సంగతి ముందే మాట్లాడుకోండి. రెండు బాత్‌రూంలు కొడితే బస్తాలకు బస్తాలు దిగుతాయి. జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో శిథిలాలను రీసైకిల్ చేసే ప్లాంట్లున్నాయి, డబ్బు కడితే తీసుకెళ్తారు. రాత్రిపూట నాలా పక్కన పోసి వచ్చే ఆటోవాడికి ఇవ్వకండి. వానాకాలంలో మునిగేది మన కాలనీలే.

కింది ఫ్లాటు వాళ్లను, పక్కవాళ్లను కలిసి ఫలానా తేదీ నుంచి పని మొదలవుతుందని చెప్పండి. ఈ పలకరింపు ఎంత అవసరమో మాకు తర్వాత తెలిసింది.

బాత్‌రూంలు: తొందరపడకూడని చోటు

90ల నాటి అపార్ట్‌మెంట్లలో గోడల్లో జీఐ (జింకు పూత ఇనుప) పైపులు వేసేవారు. పాతికేళ్లకు లోపల తుప్పుతో సగం పూడిపోతాయి. కుళాయిలో ధార సన్నగా రావడానికి చాలాసార్లు కారణం అదే. పాత పైపు నుంచి కొత్త పైపుకు అతుకు వేస్తానని ప్లంబర్ అంటాడు, పని తక్కువ కాబట్టి. వద్దనండి. షాఫ్టులో ఉన్న పైపు దగ్గరి నుంచి కుళాయి దాకా మొత్తం సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులుగా మార్పించండి.

వరుస ఇలా ఉండాలి. పాత టైల్స్, కింద నింపిన మట్టి, కాంక్రీటు అంతా తీసేసి స్లాబు దాకా వెళ్లాలి. నానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) మార్చాలి, లీకేజీ ఎక్కువగా మొదలయ్యేది దాని అంచుల్లోనే. కొత్త పైపులు వేశాక టైల్స్ అంటించకముందే చివరలు మూసి ప్రెషర్ టెస్ట్ చేయించండి, రాత్రంతా ఉంచి పొద్దున ప్రెషర్ తగ్గిందేమో చూడాలి. ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్, నేల మీద, గోడల మీద కనీసం అడుగు ఎత్తు వరకు, స్నానం చేసే వైపు ఇంకా పైకి. ఒక కోటు ఆరాక రెండో కోటు. అది పూర్తిగా ఆరాక ట్రాప్ మూసేసి నాలుగు అంగుళాలు నీళ్లు నిలబెట్టి 48 గంటలు వదిలేయండి.

ఈ 48 గంటలే మేం ఇవ్వలేదు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతోందని మేస్త్రీ ఒక రాత్రి చాలన్నాడు, మేం సరేనన్నాం. టైల్స్ అంతా అయ్యాక పది రోజులకు కింది ఫ్లాట్ పెద్దాయన వచ్చి, "అమ్మా, మా బాత్‌రూం పైకప్పు నుంచి చుక్కలు పడుతున్నాయి, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. ఆయన కోప్పడలేదు. ముందే వెళ్లి కలిసి ఉండటం వల్లనేమో అనిపించింది. ట్రాప్ చుట్టూ మళ్లీ కొట్టించి, మళ్లీ కోటింగ్ వేయించి, ఈసారి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, ఆయన ఇంట్లో పైకప్పుకు ప్లాస్టర్, రంగు మా ఖర్చుతో వేయించాం. ఆ ఇంటి పనికే 12 వేలు. మా ఇంట్లో టైల్స్, కూలీ వేరే.

గోడల్లో పైపులు, వైర్లు వేశాక, మూసేసే ముందు ప్రతి గోడకూ టేపు పెట్టి ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు అద్దం బిగించడానికో, షెల్ఫ్ పెట్టడానికో డ్రిల్ చేసేటప్పుడు ఆ ఫోటోలే మీ పైపును కాపాడతాయి. నేల వాలు ట్రాప్ వైపు సరిగ్గా ఉందో లేదో బకెట్ నీళ్లు పోసి చూడండి, మేస్త్రీ ఇంకా అక్కడ ఉండగానే. ఇంట్లో పెద్దవాళ్లుంటే జారని టైల్స్, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఇప్పుడే పెట్టించండి.

బాత్‌రూం ఉన్న చోటు నుంచి జరపాలని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. వాస్తు కోసమైనా సరే. కింది వాళ్ల పడకగది మీదికి మీ బాత్‌రూం వస్తే జీవితాంతం గొడవే. పిల్లర్లను, బీములను కొట్టడం, గాడులు పెట్టడం అసలే వద్దు, అది మీ ఒక్కరి ఇంటిది కాదు, మొత్తం బిల్డింగ్‌ది.

కరెంటు

పాత వైరింగ్ రెండు ఫ్యాన్లు, నాలుగు ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్రిజ్ కోసం వేసింది. ఇప్పుడు రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఇండక్షన్ స్టవ్. మొత్తం మార్పించండి. లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4. ఒక్కో ఏసీకి, గీజర్‌కు విడి లైను, విడి ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్). 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరిగా పెట్టించండి, తడి చేత్తో షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే. ఎర్తింగ్ నిజంగా పనిచేస్తోందో ఎలక్ట్రీషియన్‌తో మీ కళ్లముందు పరీక్ష చేయించండి. మీటర్ లోడ్ సరిపోకపోతే విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టుకుని పెంచుకోవాలి.

వైర్లు, స్విచ్చులు, లైట్లు ట్రూప్ బజార్‌లో కొంటే కాలనీ షాపుకన్నా చవక. పైపులు, హార్డ్‌వేర్‌కు రాణిగంజ్. ఒక పూట పోతుంది కానీ తేడా వేలల్లో ఉంటుంది. అయితే చిల్లర సామాన్లకు ఇంటి దగ్గరి షాపునే నమ్ముకోండి. ఒక్క ఎల్బో కోసం పని ఆగిపోతే ఆ రోజు కూలీ పోతుంది.

వంటిల్లు, నేల, రంగులు

వంటింటి చెక్కపనికి సింక్ కింద మెరైన్ ప్లై వాడించండి, షీటు మీద ఐఎస్ 710 అన్న ముద్ర మీరే చూడండి. కొటేషన్లు పోల్చేటప్పుడు ఒకే ప్లై, ఒకే హార్డ్‌వేర్‌కు ధర అడగాలి, లేకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

నేల విషయంలో నా అభిప్రాయం, పాత మొజాయిక్ గానీ తాండూరు బండలు గానీ పగుళ్లు లేకుండా ఉంటే తీయించకండి. పాలిష్ పట్టిస్తే చాలు. మేం అలాగే చేశాం, వచ్చినవాళ్లు కొత్త ఫ్లోరింగా అని అడుగుతున్నారు. దాని మీదే టైల్స్ అంటిస్తే నేల ఎత్తు పెరిగి తలుపులన్నీ కింద కోయించాలి, స్లాబు మీద బరువూ పెరుగుతుంది.

రంగులు అన్నిటికన్నా ఆఖరున. గోడలో చెమ్మ ఆరకముందు పుట్టీ పెడితే ఏడాదిలో పొక్కులు లేస్తాయి.

మేస్త్రీలతో ఒప్పందం

మా ఖర్చు చెబుతాను, 2023లో మేం పెట్టినది. రెండు బాత్‌రూంలు 2,60,000. వైరింగ్ 1,20,000. వంటిల్లు 1,90,000. వార్డ్‌రోబ్‌లు 1,10,000. రంగులు 85,000. కిటికీలకు దోమతెరలు, గ్రిల్స్ 45,000. మొజాయిక్ పాలిష్, తలుపుల రిపేర్లు 30,000. శిథిలాలు 18,000. కింది ఇంటి రిపేరు 12,000. రేట్లు మారుతుంటాయి, కానీ ఏ పనికి ఎంత వాటా పోతుందో దీన్నిబట్టి ఒక అంచనా వస్తుంది.

లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా అన్నది మీ తీరికను బట్టి. రోజూ ఒకసారైనా ఇంటికి వెళ్లగలిగితే లేబర్ మాత్రమే ఇచ్చి సామాను మీరు కొనండి. వెళ్లలేకపోతే మెటీరియల్‌తో ఇవ్వండి, కానీ పైపు ఏ బ్రాండ్, వైరు ఏ బ్రాండ్, ప్లై ఏ గ్రేడ్ అన్నీ రాసుకున్నాకే. ఎలా ఇచ్చినా మొదట 10, 15 శాతం మించి ఇవ్వకండి. పని అయిన మేరకే డబ్బు, శనివారం లెక్క చూసుకుని. చివరి 10 శాతం పనంతా అయ్యాక ఒక నెలకు. ఈ షరతు మొదటి రోజే చెప్పి రాసుకోవాలి, ఆఖర్లో చెబితే అన్యాయం అవుతుంది. ఒప్పుకున్న రోజుకు ఒప్పుకున్న డబ్బు మాత్రం ఆలస్యం చేయకండి. వాళ్లవి రోజు కూలీ బతుకులు, నమ్మకంగా ఇచ్చే ఇంటి పనిని వాళ్లూ శ్రద్ధగా చేస్తారు.

కార్పెంటర్లు, పెయింటర్లు చాలామంది బిహార్, రాజస్థాన్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు. హోలీకి, ఛఠ్ పూజకు ఊళ్లకు వెళ్తారు. మన మేస్త్రీలు సంక్రాంతికి వెళ్తారు. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు కాబట్టి అందరూ శ్రావణంలో దిగాలని చూస్తారు, అప్పుడు మంచి పనివాళ్లు దొరకరు. మూఢాలు ఎప్పుడున్నాయో పంచాంగంలో ముందే చూసుకుని, ముహూర్తాన్ని పనికి తగ్గట్టు పెట్టుకోండి. ముహూర్తం ముందు పెట్టేసి పనిని దాని వెంట పరుగెత్తించకండి. అలా చేస్తే ఏం పోతుందో బాత్‌రూం దగ్గర చెప్పాను.

దిగే ముందు, దిగాక

తాళాలు మార్పించండి. పాత తాళంచెవి ఎందరి దగ్గర ఉందో అమ్మినవాళ్లకు కూడా గుర్తుండదు. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగించారో అసోసియేషన్‌ను అడగండి.

పాలు పొంగించిన వారంలోనే ఆస్తిపన్ను మీ పేరు మీదికి మారిందో లేదో చూసుకోండి, కరెంటు మీటర్ పేరు మార్పుకు, నీటి కనెక్షన్ పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకానికి ఆధార్ లింకు అయిందా కనుక్కోండి. ఆస్తిపన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గుతుంది. లోను తీరేదాకా అసలు దస్తావేజులు బ్యాంకులోనే ఉంటాయి కాబట్టి, ఇచ్చిన కాగితాల జాబితా మీద బ్యాంకు సంతకం, ముద్ర ఉన్న రసీదు తీసుకుని భద్రంగా పెట్టుకోండి.

నెల గడిచాక ఒక రోజు కింది ఫ్లాట్‌కు వెళ్లి, వాళ్ల బాత్‌రూంలో తలెత్తి పైకప్పు చూసి రండి. అది పొడిగా ఉంటే ఆ సాయంత్రమే మేస్త్రీకి ఫోన్ చేసి, ఆపిన 10 శాతం ఇచ్చేయండి.